పడవ డబ్బా, వ్యాను దారి

"ఆ డబ్బా ఎందుకు మావా, ఫోనుంది కదా?" అన్నాను.

"ఉండనీయే. నేను తిరిగిన సోట్లన్నీ దానికి తెలుసు" అన్నాడు.

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలివే. ఆ పొద్దునే ఒడ్డున చేపలు ఎక్కిస్తూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఆఖరికి ఒక డబ్బా గురించి కీచులాడుకున్నామే అని చాలా రోజులు ఏడ్చాను. ఇప్పుడు ఏడవను. ఎందుకో చెబుతాను.

మాది భావనపాడు. మా ఆయన పడవ మీద చేపల వేటకు పోయేవాడు. తర్వాత పడవ అమ్మేసి, పాత వ్యాను కొని, పైఊళ్లకు చేపలు తోలాడు. పడవ అమ్మాడు గానీ అందులోని జీపీఎస్ డబ్బా అమ్మలేదు. అది అరచేతిలో పడుతుంది. సముద్రంలో చేప దొరికిన చోట బొత్తాం నొక్కితే ఆ చోటు అందులో ఉండిపోతుంది. మళ్లీ అక్కడికి వెళ్లాలంటే ఎటో బాణం చూపిస్తుంది, ఎంత దూరమో అంకె వేస్తుంది. అలాంటి చోట్లు మావాళ్లు తోడబుట్టినవాడికి కూడా చెప్పరు. మా ఆయన తన చేపలు కొనేవాళ్ల ఇళ్లను కూడా అలాగే దాచుకున్నాడు. కొత్తవలస హోటలుకు జెండా బొమ్మ, చీపురుపల్లి అవతలి పెద్ద రైతు ఇంటికి లంగరు బొమ్మ. పేర్లు రాసుకోవచ్చు కదా అంటే, రాస్తే నీకేం తెలుస్తుందని నవ్వేవాడు.

ఆయన పోయాక వ్యాను తోలడానికి మా అన్న కూతురు వచ్చింది. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నదీ ఆ పిల్లే. మొదటి పెద్ద బేరం ఆ రైతు ఇంటిదే. కొడుకు పెళ్లయిన మర్నాడు నీసు భోజనాలు. ఆయన ఫోను చేసి, మా ఆయన ఉన్నప్పుడు సరుకు వేళకు వచ్చేదని, ఆడవాళ్లు దారి వెతుక్కుంటూ వస్తే వంట ఎప్పుడవుతుందని అడిగాడు. పది దాటితే వేరే బండిలో కొనేస్తానన్నాడు. ఆ ఇల్లు పోతే ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ పోతాయి. వ్యాను అమ్ముకోవడమే ఇక.

తెల్లారకముందే బయలుదేరాం. మేనకోడలు ఫోనును అద్దానికి అంటించింది. కుడికి తిప్పు, ఎడమకు తిప్పు అని అది తీయగా చెప్పింది. శ్రీకాకుళం దాటి, హైవే దిగి, చీపురుపల్లి వైపు అడ్డదారిలో పడ్డాక మంచి ఎండ అద్దంలోంచి దాని మీదే పడింది. కాసేపటికి ఫోను నల్లబడిపోయింది.

"అత్తా, ఏడెక్కి ఆగిపోనాది" అంది కోడలు.

వేడెక్కినదాన్ని చల్లబరచడం మాకు తెలియని విద్యా? కవరులో చుట్టి కోనాం చేపల మధ్య ఐసులో పెట్టాను. తీసి చూస్తే కవరు నిండా నీళ్లు. ఫోను కన్ను తెరవలేదు. కోడలు పళ్లు నూరింది.

అప్పుడు డబ్బా తీశాను. లంగరు బొమ్మ మీద నొక్కితే బాణం వచ్చింది. బాణం ఎటు చూపిస్తే అటు తోలమన్నాను. అది మమ్మల్ని తీసుకెళ్లి చెరువు గట్టు మీద నిలబెట్టింది. ముందు నీళ్లు, వెనక్కి తిరగడానికి చోటు లేదు. సముద్రంలో అడ్డేముంటుంది, బాణం సూటిగానే చూపిస్తుంది మరి. పొలంలో కలుపు తీస్తున్న ఆడమనిషి నడుం ఎత్తి చూసింది.

"ఏటమ్మా, సేపల్ని మా సెరువులో ఒగ్గడానికొచ్చినారేటి?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తెరచాప పడవ ఎదురుగాలికి సూటిగా పోదని మా ఆయన చెప్పేవాడు. అడ్డంగా కొంత పోయి, ఇటు తిరిగి, మళ్లీ అటు తిరిగి చేరుకోవాలట. చదువు రాకపోయినా కాటా పట్టిన చెయ్యి నాది, అంకెలు తెలుసు.

"బాణాన్ని ఒగ్గీ. అంకె సూడు. తగ్గతంటే మన దారే, పెరిగితే తిప్పీ" అన్నాను.

వ్యానును వెనక్కే నడిపి గట్టు దిగింది కోడలు. ఆ తోలడం చూసి తీరాలి. నేను అంకె చదువుతుంటే తను దారి పట్టింది. తోటల పక్క నుంచి, ఊరి మధ్య నుంచి, ఒకచోట అంకె పెరిగితే తిరిగి వచ్చి, ఇంకో దారి పట్టి, చివరికి షామియానా ముందు ఆగాం.

అప్పటికే అక్కడ వేరే చేపల బండి నిలబడి ఉంది. బేరం సగం అయిపోయింది. నేను దిగి, మా పెట్టె మూత తీసి, పెద్ద కోనాన్ని తల పట్టుకుని ఎత్తాను. ఐసు ఇంకా గడ్డగానే ఉంది. రైతు వచ్చి చేప మొప్ప ఎత్తి, లోపలి ఎరుపు చూశాడు. రెండో బండివాడితో, నువ్వెళ్లు అన్నాడు.

"అప్పా, అమ్మోరి సంబరానికీ నువ్వే తెచ్చీయాల" అన్నాడు నాతో.

చూస్తున్న చుట్టాలలో ఒకావిడ తమ ఊరికీ రమ్మంది. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల ఊరి మీదుగా వచ్చి, ఆవిడ గుమ్మంలో నిలబడి, నా వేలితో నేనే బొత్తాం నొక్కాను. ఏ బొమ్మ కావాలని కోడలు అడిగితే చేప బొమ్మ పెట్టాను. ఆ డబ్బాలో మా ఆయన పెట్టని మొదటి చోటు అది. ఈ ఏడాది అలాంటివి చాలా చేరాయి. మలుపులు చెప్పడానికి కోడలు కొత్త ఫోను కొనుక్కుంది, వద్దనలేదు. వ్యాను మాత్రం అమ్మలేదు.

"ఒసే, ఇంక సాలు. రాసిందంతా ఓపాలి సదువు. నా మాటలెక్కడైనా మెత్తగా రాసీసినావేమో ఇనాల."