పెట్టెలో కుక్కిన పాత పేపరు

పెట్టెలు బాగుచేసే బాబాయి ఊరు దాటి ఎరుగడు. అయినా లోకం సంగతులన్నీ ఆయన్నే అడగాలి. చక్రాలు అరిగిన పెట్టె వస్తే ఎవరో సరదాగా తిరిగొచ్చినట్టు, జిప్పు తెగింది వస్తే ఎవరో ఇల్లంతా అందులో కుక్కుకుని పారిపోయి వచ్చినట్టు ఆయన లెక్క. బాగుచేశాక, పెట్టె ఆకారం చెడకుండా పాత పేపర్లు ఉండలు చుట్టి నింపి ఇవ్వడం ఆయన అలవాటు.

జిప్పు తెగిన పెట్టె తెచ్చిన ఒకావిడకూ అలాగే ఇచ్చాడు. ఆవిడ వెళ్ళాక గుర్తొచ్చింది, నింపిన వాటిలో యుద్ధం ఫొటోల పేజీ ఉందని. అదీ ఆవిడ వదిలి వచ్చానని చెప్పిన ఊరిదే.

"నా బుద్ధి గడ్డి తింది," అని ఇంట్లో తల పట్టుకున్నాడు.

"అది మీకు కొత్తా? రేపొస్తుంది, నాలుగు తిట్లు తిని ఊరుకోండి," అంది భార్య, కంచం ముందుకు జరుపుతూ.

మర్నాడు ఆవిడ రానే వచ్చింది. చేతిలో అదే పేజీ, ముడతలన్నీ సాపు చేసి ఉంది.

"తప్పయిపోయిందమ్మా, చూసుకోలేదు," అన్నాడు బాబాయి తలెత్తకుండా.

ఆవిడ కూలిన గోడల మధ్య ఒక కిటికీ మీద వేలు పెట్టింది. "ఇది మా ఇల్లు బాబాయ్. నిలబడే ఉంది. చెప్తే అన్నయ్య నమ్మడం లేదు, పంపాలి. దీన్నేమో అమ్మ పంపనివ్వడం లేదు. ఇలాంటిది ఇంకోటుందా?"

ఆ పూట బాబాయి కొట్లో ఉన్న పెట్టెలన్నీ తెరిచి, ఉండలన్నీ ఒక్కొక్కటే విప్పుతూ కూర్చున్నాడు.