ఉత్త నీళ్ళ డబ్బాలు

ప్రయోగశాలలో ఆమెను అందరూ బొంగరం అంటారు. ఒకచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోలేని ఆ మనిషి మైక్రోస్కోపు ముందు మాత్రం గంటలు గంటలు కదలదు. అదెలాగో ఎవరికీ అంతుపట్టదు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని మట్టిలో నులిపురుగులు లెక్కపెట్టడం. కంటికి ఆనని ఈ పురుగులు కూరగాయల మొక్కల వేళ్ళలో దూరి కాపురం పెడతాయి. వేళ్ళు బుడిపెలు కట్టి, పైన మొక్క వాడిపోతుంది. ఆమె లెక్కను ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేదు. నాది అని చెప్పుకోవడానికి ఆమెకున్నది అదొక్కటే.

ఈమధ్య ఇంకో పని తోడైంది. జామాకుల కషాయంలో వెండి లవణం కలిపితే ద్రావణం మెల్లగా టీ రంగుకు తిరుగుతుంది. వెంట్రుకలో వెయ్యో వంతుకన్నా సన్నని వెండి రేణువులు తయారయ్యాయన్నమాట. కుండీల్లో ఆ మందు పురుగుల్ని చంపింది. ఇక పొలంలో చూడాలి. పొలం ఎవరిస్తారని ప్రయోగశాల పెద్ద మేడమ్ అడగడమే ఆలస్యం, బొంగరం ముందూ వెనకా చూడకుండా "మా వదిన ఇస్తుందండీ" అనేసింది.

వదినది పది వరసల టమాటా తోట. రెండు పంటలు అప్పటికే పురుగు పాలయ్యాయి. నాట్లకు ముందే ఆ మట్టి తెచ్చి, నిండా పురుగు ఉందని లెక్క తేల్చింది బొంగరం. ప్రయోగం పద్ధతి ప్రకారం ఐదు వరసలకు మందు, ఐదింటికి ఉత్త నీళ్ళు. తేడా కనిపిస్తేనే మందు పనిచేసినట్టు. డబ్బాలు నింపేదీ, మొదళ్ళలో పోసేదీ బొంగరమే.

"ఈసారీ పోతే ఇక సాగు మానేస్తానే," అంది వదిన, నారు నాటుతూ.

అమ్మ పోయాక బొంగరానికి జడలు వేసి బడికి పంపింది ఈ వదినే. ఆ మనిషి మొక్కలకు ఉత్త నీళ్ళు పోయడానికి చెయ్యి రాలేదు. పది వరసలకూ మందే పోసేసింది.

ఇక ఆ రోజునుంచి కాలుగాలిన పిల్లే. కడిగిన గాజు గొట్టాల్నే మళ్ళీ కడిగింది, తాళం వేసిన అలమరాకు మళ్ళీ తాళం వేసింది. "ఒంట్లో బాగాలేదా?" అని మేడమ్ అడిగితే కడగడానికి ఇంకో గొట్టం అందుకుంది.

నలభై అయిదో రోజు మేడమ్ వచ్చి వరసకు మూడేసి మొక్కలు పీకించింది. అన్ని వేళ్ళూ తెల్లగా, నున్నగా ఉన్నాయి. వదిన మొహం వెలిగిపోయింది. మేడమ్ మొహం మాత్రం వాడిపోయింది.

"నీళ్ళు పోసిన వరసల్లోనూ పురుగు లేదంటే, ఈ మట్టిలో మొదటినుంచీ లేదనే అర్థం. నీ లెక్క తప్పిందమ్మా. ఇక్కడితో ఆపేద్దాం. మందు పనిచేసిందని చెప్పడానికీ ఇక లేదు."

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి విన్న మాట. కిక్కురుమనకుండా ఊరుకుంటే ఉద్యోగం భద్రం. కానీ లెక్క?

"లెక్క తప్పలేదండీ," అంది బొంగరం. "తప్పింది నేను. అన్నింటికీ మందే పోశాను."

మేడమ్ రాసుకున్న కాగితం చింపేసింది. "మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి," అంది. "ఈసారి పొలం ఎవరిస్తారు?"

"నేనే ఇస్తాను," అంది వదిన. "ఆ మూల మట్టికి ఇంకా మందు తగల్లేదు, అక్కడ పెట్టండి. ఈసారి డబ్బాలు నా చేతికివ్వండి. దీన్ని దగ్గరికి రానివ్వకండి."

"వదినా, సగం పంట పోతుందే!"

"పోనీ. నువ్వు నోర్మూసుకుని గట్టు మీద కూర్చో."

గట్టు మీద కూర్చోవడం బొంగరం వల్ల అయ్యే పనా! ఆ పంటకాలమంతా గట్టు పొడుగునా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మందు పోసిన వరసలు పచ్చగా ఎదిగాయి. నీళ్ళ వరసలు ఎండ ఎక్కేసరికల్లా తలలు వాల్చేసేవి. పరుగెత్తి వెళ్ళి ఏదో ఒకటి చెయ్యాలని ప్రాణం కొట్టుకునేది. చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేది.

లెక్క రోజున మేడమ్ ఇంకా కారు దిగకముందే, వదిన నీళ్ళ వరసలో ఒక మొక్క పీకి మట్టి దులిపింది. వేళ్ళ నిండా బుడిపెలు. తిన్నగా గట్టు దగ్గరికొచ్చి దాన్ని ఆడపడుచు చేతిలో పెట్టింది.

"చూడవే, నీ లెక్క తప్పలేదు."

బొంగరం ఆ మొక్కను పట్టుకుని గట్టు మీద కూలబడి ఏడ్చింది. మేడమ్ పిలిచినా లేవలేదు.