పదకొండో నంబరు జెర్సీ

మా బావకి లోకంలో ఇష్టమైనవి మూడు. కుట్టు మిషను, మా టైలరింగ్ షాపుకి ఎదురుగా ఉన్న కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు, మా అక్క. ఈ వరస నేను పెట్టింది కాదు, మా అక్కే పెట్టింది. ఆ మూడో స్థానం కూడా జట్టు గెలిచిన వారంలోనే తనకి దక్కుతుందని ఆవిడ బాధ.

బావ జన్మలో బంతి పట్టుకున్నవాడు కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. కానీ పన్నెండేళ్ళ కిందట కాలేజీవాళ్ళు జట్టుకి జెర్సీలు కుట్టిపెట్టమని అడిగారు. అప్పటినుంచి ఆ జట్టుని నెత్తిన పెట్టుకున్నాడు. సొంత కోర్టులో ఆట ఉంటే మెడలో టేపు కూడా తీయకుండా వెళ్ళి మొదటి వరసలో కూర్చుంటాడు. గెలిస్తే "కొట్టాం" అంటాడు. ఓడితే "ఓడారు" అంటాడు. గెలుపులో ఉన్నవాడివి ఓటమిలో ఎటు పోతావు బావా అని అడిగితే, నన్ను కాజాలు చూసుకోమంటాడు. మా షాపులో కాజాలు, గుండీలు, అంచులు నా పని. కత్తెర, మిషను, నోరు ఆయనవి.

పోయిన శనివారం మా జట్టు పక్క ఊరి కాలేజీకి వెళ్ళి, ముప్ఫైమూడు పాయింట్ల తేడాతో ఓడి వచ్చింది. ఓడటం మాకు కొత్త కాదు. అంత అడ్డంగా ఓడటం కొత్త. సోమవారం పొద్దున షట్టరు సగం ఎత్తామో లేదో, కింద నుంచి వంగి మరీ అభిమానులు లోపలికి వచ్చేశారు. మందుల షాపాయన తన కొట్టు పక్కవాళ్ళకి అప్పజెప్పి వచ్చాడు. బేకరీ పిన్ని చేతులకి అంటిన పిండి కూడా కడుక్కోకుండా వచ్చింది. ఆ ఊరి బస్సు మీద పనిచేసే కండక్టరు వచ్చాడు. బయట ఊళ్ళో ఆట ఉంటే మాకు కళ్ళూ చెవులూ అతనే.

"చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాడు బావ, ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని.

"ఏం చెప్పమంటారు మాస్టారూ. బంతి వెళ్ళి రింగుకి తగిలి బయట పడితే, పోనీలే, టైము బాగాలేదు అనుకోవచ్చు. అసలు రింగు దాకా పోతే కదా."

"అన్నీ పొట్టిగా పడ్డాయా?" అంది పిన్ని.

"అన్నీ. రెండో సగంలో మిగతావాళ్ళు కాస్త తేరుకున్నారు. ఆ పదకొండో నంబరు మాత్రం చివరిదాకా అదే వరస. పద్నాలుగుసార్లు వేసింది, ఒక్కటి పడింది. అది కూడా అవతలి పిల్ల చేతికి తగిలి దారి మారి పడింది."

పదకొండో నంబరంటే మా జట్టులో అందరికన్నా బాగా గురి ఉన్న అమ్మాయి. రెండో సంవత్సరం చదువుతోంది. పొడుగ్గా ఉంటుంది, మాట తక్కువ. మొన్నటిదాకా ఆ అమ్మాయి ఊసు వస్తే చాలు, బావ మిషను ఆపేసి, పనివేళ అని కూడా చూడకుండా అరగంట చెప్పేవాడు. వినలేక నేను చచ్చేదాన్ని.

ఇక ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. మందుల షాపాయన విటమిన్ లోపం అన్నాడు. ఏ ఓటమిలోనైనా ఆయనకి ఏదో ఒక విటమిన్ కనిపిస్తుంది. బస్సెక్కే ముందు తను పంపిన బన్నులు ముట్టుకోలేదని, నీరసంతోనే ఓడారని పిన్ని తేల్చేసింది. కండక్టరు ఏమీ తేల్చలేదు కానీ, నిన్నటినుంచి బస్సెక్కిన ప్రతివాడూ తన మీదే విరుచుకుపడుతున్నాడని, తనేదో బంతి వదిలేసినట్టు మాట్లాడుతున్నారని మొత్తుకున్నాడు.

బావ మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "పేపర్లో ఒక ఫోటో పడేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. ఇంతకాలం మనం వెనకేసుకొచ్చాం చూడు, అదీ మన తప్పు" అని ఆర్డర్ల పుస్తకంలోంచి ఒక కాగితం సర్రున చింపాడు. బుధవారం జట్టుని మళ్ళీ ఎంపిక చేస్తారు కాబట్టి, పదకొండో నంబరుని అందులోంచి తీసేయాలని ప్రిన్సిపాల్‌కి అభిమానులందరి తరఫున రాశాడు. మొదటి సంతకం తనే పెట్టాడు.

ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు. రెండేళ్ళ కిందట వీళ్ళు ఇలాగే ఒక కాగితం ఇస్తే కోచ్‌నే మార్చేశారు. పైగా జట్టులో ఉంటేనే ఆ అమ్మాయికి హాస్టల్లో గది. అది పోతే చదువు మానేసి ఇంటికి పోవాల్సిందే. ఆ మాట నేనన్నాను కూడా.

"ఒక్క ఆటకే ఇంతా బావా?"

"నువ్వు కాజాలు చూసుకో."

మధ్యాహ్నానికి నలభై ఒక్క సంతకాలయ్యాయి. నన్నూ పెట్టమన్నారు. చేతిలో సూది ఉందన్నాను. నాలుగు గంటలకి అందరూ కలిసి కాలేజీకి వెళ్ళి ఇచ్చి రావాలని అనుకున్నారు.

ఆ మొత్తం గోలలో బావకి ఒక్కటే ఊరట. "ఒకటి మాత్రం చెప్పాలి మాస్టారూ" అన్నాడు కండక్టరు. "ఆటకి ముందు మనవాళ్ళు వరసగా నిలబడి ఫోటో దిగారు చూడండి, అవతలివాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూశారు. జెర్సీలు అంత బాగా అతికాయి."

అతకకేం చేస్తాయి. దాని వెనక ఒక కథ ఉంది. పోయిన ఏడాది అదే ఊళ్ళో మా అమ్మాయిల వదులు జెర్సీలు చూసి జనం "దిండు గలీబులు" అని అరిచారట. అది విని బావ రెండు పూటలు అన్నం మానేశాడు. ఓడినందుకు కాదు, గలీబులన్నందుకు. ఈసారి అక్కడికి బయల్దేరే ముందు, ఊడిన నంబర్లు కుట్టమని జెర్సీలన్నీ మా షాపుకి పంపారు. బావ నంబర్లు కుట్టి ఊరుకోలేదు. ఎవరికీ చెప్పకుండా పన్నెండు జెర్సీలకీ పక్కలూ చంకలూ అంగుళన్నర చొప్పున లోపలికి పట్టేశాడు. ఒక్కొక్కటీ మా షాపులో బొమ్మకి తొడిగి, వెనక్కి జరిగి, తల ఒక పక్కకి వంచి చూసుకున్నాడు. నన్ను కూడా పిలిచి చూడమన్నాడు.

"చంక కింద ఒక్క ముడత చూపించు, మిషను నీ పేర రాసేస్తాను."

నిజమే, ఒక్క ముడత లేదు. పదకొండో నంబరుకి మాత్రం డబుల్ కుట్టు వేశాడు. ఎగిరి ఆడే పిల్ల, గట్టిగా ఉండాలి అన్నాడు. శుక్రవారం సాయంత్రం మడతపెట్టి, మూట కట్టి పంపించాం. శనివారం ఆట టైముకి గానీ వాళ్ళు ఆ మూట విప్పలేదు.

మళ్ళీ సోమవారానికి వద్దాం. మూడు గంటలకి పదకొండో నంబరే మా గుమ్మంలోకి వచ్చింది, భుజాన పెద్ద సంచీ వేసుకుని. పొద్దుటినుంచి ఆ అమ్మాయిని నమిలి మింగిన వీరులంతా చప్పున చల్లబడ్డారు. మందుల షాపాయన గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. పిన్ని గోళ్ళలో పిండి గోక్కుంది. బావ సంతకాల కాగితం మీద కత్తెర పెట్టి మిషను వైపు తిరిగిపోయాడు.

"మాస్టారూ, జెర్సీలు కొంచెం చూడాలండీ."

"అక్కడ పెట్టు" అన్నాడు బావ, తల తిప్పకుండా.

సంచీ నేను విప్పాను. పైనున్న జెర్సీ కుడి చంక దగ్గర చిరిగిపోయి ఉంది. దాని కిందది కూడా అక్కడే. దాని కిందది కూడా.

"ఏంటమ్మా ఇది, కొట్టుకున్నారా?"

"లేదక్కా. చెయ్యి పైకి లేవలేదు. ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయేది" అని మోచెయ్యి భుజం దగ్గరికి ఎత్తి చూపించింది. "సగం ఆట అయ్యాక మావాళ్ళంతా లాగి లాగి చింపేసుకున్నారు. నాదొక్కటే చిరగలేదు. నేనూ చాలా లాగాను. డబుల్ కుట్టు కదా."

మిషను ఆగింది. బావ లేచి వచ్చి పదకొండో నంబరు జెర్సీ చేతిలోకి తీసుకున్నాడు. కుట్టు పట్టి లాగాడు. చెక్కు చెదరలేదు. తర్వాత మూలనున్న బొమ్మ వైపు చూశాడు. నేనూ చూశాను. అందరూ చూశారు. పదేళ్ళుగా మా కళ్ళెదుటే ఉంది ఆ బొమ్మ. దానికి తల లేదు, చేతులూ లేవు.

"కోచ్‌కి చెప్పావా?" అన్నాడు బావ.

"లేదండీ."

"ఎందుకు?"

"చెబితే ఇంకెక్కడో కుట్టిస్తారు కదండీ. అప్పుడు మీరు ఆటకి రారేమోనని. మీరు ముందు వరసలో కూర్చుని మమ్మల్ని చూసుకోవడం మాకు అలవాటైపోయింది."

"మరి కోచ్ అడిగితే ఏం చెప్పావ్?"

"ఆడలేకపోయానని చెప్పాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావకీ తిరిగాయి, కానీ టేపు కోసం వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. టేపు మెడలోనే ఉంది.

లేచాక అభిమానుల వైపు తిరిగి, "ఓడాం" అన్నాడు. పన్నెండేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. ఎవరికీ చెప్పకుండా జెర్సీలు బిగించింది తనేనని, చేతుల్లేని బొమ్మకి తొడిగి మురిసిపోయానని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. పరువు కోసం ప్రాణం పెట్టే మనిషి, నలుగురి ముందు అంత మాట అన్నాడంటే నేను నమ్మలేకపోయాను.

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "ముప్ఫైమూడు పాయింట్లూ మీవేనా మాస్టారూ?"

బావ ఆలోచించాడు. "ముప్ఫై నావి. మూడు వాళ్ళవి."

మందుల షాపాయన విటమిన్ వెనక్కి తీసుకున్నాడు. పిన్ని మాత్రం బన్నులు తినకపోవడం తప్పేనంది. ఆ తర్వాత అందరూ తలో జెర్సీ పట్టుకుని, నేను చూపించినట్టు కుట్లు విప్పడానికి కూర్చున్నారు. మందుల షాపాయన రెండుసార్లు వేలు పొడుచుకుని, తన కొట్టు నుంచి తనే ప్లాస్టరు తెప్పించుకున్నాడు. బావ లోపల బట్ట కోయకుండా వదిలేయడం ఒక్కటే మా అదృష్టం. పదకొండో నంబరు జెర్సీకి ఆ అంగుళన్నరా విప్పి, మిగిలిన పావంగుళం కూడా లాగి వదిలాడు. టేపు పట్టి కొలిచింది నేనే. నాలుగు గంటలయింది. కాలేజీకి వెళ్దామని ఎవరూ అనలేదు.

ఆ అమ్మాయి చొక్కా మీదే జెర్సీ తొడుక్కుంది. బావ కత్తెర కింద నుంచి కాగితం తీసి తనే ఆ అమ్మాయి చేతికిచ్చాడు. "ఇది నీ గురించి నేను రాసింది. నీ ఇష్టం."

మొదటి సంతకం నుంచి నలభై ఒకటో సంతకం దాకా చదివింది. చదివి, నలిపి ఉండ చేసింది. మూలనున్న కత్తిరింపు ముక్కల బుట్ట వైపు తిరిగి రెండు కాళ్ళూ సర్దుకుని నిలబడింది. అందరూ లేచి నిలబడ్డారు. బావ రెండు చేతుల్తో టేపు కొసలు పట్టుకున్నాడు. చెయ్యి హాయిగా, నిటారుగా పైకి లేచింది. ఉండ గాల్లోకి ఎగిరింది, బుట్టకి రెండడుగుల ఇవతల, మిషను కాళ్ళ దగ్గర పడింది.

ఆ అమ్మాయి మొహం ఎర్రబడిపోయింది. పొద్దున ఇదే షాపులో, ఇదే మనుషులు, ఇలా పొట్టిగా పడినందుకే ఎన్ని మాటలన్నారో నాకు గుర్తే.

"చంక ఇంకా పట్టేస్తోంది" అన్నాడు బావ, మెడలోంచి టేపు తీస్తూ.

"అవునవును, ఇక్కడికే కనిపిస్తోంది" అన్నాడు మందుల షాపాయన, కళ్ళజోడు జేబులోనే ఉంచుకుని.

"చెయ్యి అలాగే ఎత్తి ఉంచు తల్లీ. ఇంకో అరంగుళం వదులుతాను."

అక్కడ వదలడానికి ఇక బట్ట లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ అమ్మాయి చెయ్యెత్తి నిలబడింది, బావ టేపు పట్టి కొలిచాడు, నేను పుస్తకం తీసి అరంగుళం అని రాసుకున్నాను.