పడవలసిన గోడ

అస్సాంలోని నల్బారిలో "జొనాలి హలోయి ఇల్లెక్కడ?" అని అడిగితే, "ఏ జొనాలి?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. "ఇల్లు కూల్చే జొనాలి" అంటే మాత్రం చిన్నపిల్లలు సైతం చెయ్యెత్తి దారి చూపిస్తారు. కొత్తగా వినేవాళ్లకు అదేదో తిట్టులా ఉంటుంది. ఆవిడ మాత్రం నెత్తిన కిరీటం పెట్టినంత సంబరపడుతుంది.

ఆ పేరు రాకముందు ఆమె ఊరూరా గుడారం వేసి ఆడే నాటకం కంపెనీలో దర్జీ. రాజుల అంగీలూ, విలన్ల కోట్లూ, హీరోయిన్లు నడుముకు చుట్టే మేఖలా పావడాలూ అన్నీ ఆమె మిషన్ కింద నుంచే వచ్చేవి. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ వెనక కూర్చుని అంచులు మడిచి కుట్టే మనిషికి నాటకం ఎక్కడ కనపడుతుంది? చప్పట్లు వినపడతాయి, అంతే. ఒక ఏడాది పక్కపక్కనున్న రెండు వేదికల మీదుగా ఓడ సాగిపోయే సన్నివేశం పెట్టారు. హీరో చొక్కాకి తెగిన గుండీ కుట్టడానికి సూది పట్టుకుని పరుగెత్తిన జొనాలి, ఆ ఓడను వెనక నుంచి చూసింది. ముందు నుంచి చూసేవాళ్లకు అది సముద్రాన్ని చీల్చుకుపోయే ఓడ. వెనక నుంచి చూస్తే వెదురు బద్దలు, బూరుగు చెక్క, చక్రాలు, చెమటలు కక్కుతూ నెట్టే ఇద్దరు మనుషులు. గుట్టు తెలిస్తే సరదా పోతుందంటారు. ఎవరన్నారో గాని, వాళ్లకేం తెలుసు! జొనాలికి సరిగ్గా అప్పుడే పిచ్చి పట్టుకుంది. గుండీ సంగతి మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. పాపం ఆ హీరో చొక్కా ఒక చేత్తో పట్టుకునే ప్రేమ డైలాగులన్నీ చెప్పుకున్నాడు.

ఆ మరుసటేడు సెట్లు వేసే జట్టులో ఒకతను, సీరియళ్లలో పని దొరికిందని గువాహటి వెళ్లిపోయాడు. వార్త చెవిన పడగానే జొనాలి వెళ్లి పెద్ద మేస్త్రి భద్రేశ్వర్ ముందు నిలబడింది.

"దాదా, ఆ ఖాళీలో నన్ను వేసుకో."

భద్రేశ్వర్‌కి తాగుతున్న టీ పొలమారింది. "నువ్వా? సుత్తి బరువెంతో తెలుసా నీకు?"

"మా ఆయన బరువు తెలుసు. బిహూ పండగ నాడు తాగి పడిపోతే ఇంటికి మోసుకొచ్చా. సుత్తి ఒక లెక్కా?"

పక్కన చెక్కకు చిత్రిక పడుతున్న ఖితేన్ పడీపడీ నవ్వాడు. "వేసుకో దాదా, వేసుకో! తలుపులకి కాజాలు కుడుతుంది."

భద్రేశ్వర్ నవ్వలేదు. ఆ ఏటి కొత్త నాటకంలో నది ఒడ్డును కోసుకుంటూ వచ్చి ఒక ముసలమ్మ ఇంటిని మింగేస్తుంది. ఆ ఇంటి ముందు గోడ, తలుపుతో సహా జొనాలినే చెయ్యమన్నాడు. "పడే సమయానికి పడాలి. అప్పటిదాకా నిలబడాలి. మొదటి ఆటలో ఈ రెండిట్లో ఏది తప్పినా మళ్లీ మిషన్ దగ్గరికే. ఆ తర్వాత ఈ ఊసు నా దగ్గర ఎత్తకూడదు, తెలిసిందా?"

జొనాలి మేఖలా ఎగదోపి, తలకు గమోసా తువ్వాలు చుట్టింది.

మొదటి రోజే పరువు పోయింది. చట్రానికని కోసిన చెక్కలన్నీ, ఒకటి రెండు కాదు, అన్నీ అర అంగుళం ఎక్కువొచ్చాయి. భద్రేశ్వర్ టేపు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇదేంటి?"

"కుట్టుకి వదిలాను దాదా."

షెడ్డంతా గొల్లుమంది. ఖితేన్ నేల మీద కూలబడి మరీ నవ్వాడు. ఏళ్ల తరబడి బట్ట కోసిన చెయ్యి అది. మడతలోకి పోయేంత వదలకుండా ఎలా కోస్తుంది? "చెక్కకి మడతేంటే పిచ్చిదానా!" అని భద్రేశ్వర్ తనే రంపం అందుకున్నాడు. "ఇక్కడ వదిలేది ఉండదు, పోయేదే. రంపం కూడా కాస్త తింటుంది, అది లెక్కలోకి తీసుకో. గీత మీద కొయ్యకు, గీతకి అవతల కొయ్యి."

అవతల కోసింది. రంపాన్ని అదిమితే మొరాయిస్తుందనీ, దాని మానాన దాన్ని లాగితే వెన్నలా దిగుతుందనీ తెలిసినప్పుడు కేక పెట్టింది. చట్రం వంకర పోయిందో లేదో చూడడానికి మూల నుంచి మూలకు తాడు పట్టి, అటూ ఇటూ సమానంగా వచ్చిందని షెడ్డులో ఉన్న అందరినీ పిలిచి పిలిచి చూపించింది. బొటనవేలు నల్లబడితే అదీ చూపించింది. ఇంటికెళ్లి సొంత తలుపు మడతబందులు ఊడదీసి పరిశీలించింది.

"ఏమే, దొంగలొస్తే?" అన్నాడు మొగుడు.

"దొంగ తలుపు తీసి లోపలికి రావాలిగా? లేని తలుపు ఎట్లా తీస్తాడు?"

అన్నిటికన్నా కష్టమైనది విప్పే విద్య. ఈ ఊళ్లో ఆట అయ్యాక ఇంటిని ముక్కలు చేసి లారీకెక్కించాలి, పక్క ఊళ్లో మళ్లీ నిలబెట్టాలి. అందుకే గోడకీ పక్క స్తంభాలకీ మడతబందులు పెట్టి, వాటి మధ్య చీలలు దూర్చి, చీలలన్నిటికీ ఒకే తాడు కట్టారు. తాడు లాగితే చీలలు ఊడిపోతాయి, గోడ ముందుకు, నది వైపు పడుతుంది. "బిగించడం ఎవడైనా బిగిస్తాడు," అనేవాడు భద్రేశ్వర్. "విప్పేవాడే మేస్త్రి. విడిపోవాల్సిన చోట మేకు కొట్టావో, చెయ్యి విరిచేస్తా."

మొదటి ఆట రోజు మధ్యాహ్నం గాలి లేచింది. చివరిసారి సరిచూసుకుంటూ ఎవరో తలుపు వేస్తే, గోడ వణికింది.

"జొనాలీ, నీ ఇంటికి చలిజ్వరం వచ్చినట్టుందే!" అన్నాడు ఖితేన్. "నది వచ్చేదాకా బతుకుతుందా?"

ఆ మాట గుండెలో దిగబడింది. మొదటి అంకంలోనే గోడ కూలినట్టు, గుడారం నిండా జనం నవ్వుతున్నట్టు, తను మళ్లీ మిషన్ ముందు కూర్చుని అంచులు మడుస్తున్నట్టు కళ్ల ముందు కనపడింది. అందరూ అన్నం, చేపల పులుసు తినడానికి వెళ్లారు. జొనాలి వెళ్లలేదు. గోడ అడుగున స్తంభంలోకి దిగేలా రెండు మేకులు కొట్టి, పైన మట్టి రంగు పూసింది. ఒక కుట్టు ఎక్కువైతే బట్టకు నష్టమా? ఇంటర్వెల్లో పీకేద్దామనుకుంది.

ఇంటర్వెల్లో సుత్తి తీసుకుని లేచిందో లేదో, "జొనాలి బైదేవ్, అక్కా! బ్లౌజు చిరిగింది!" అని కేక. దర్జీ పని ఇంకా ఆమెదేగా? సూది తీసుకుని పరుగెత్తింది. కుట్టి వచ్చేసరికి తెర లేచింది. నీలిగుడ్డల నది పొంగుతోంది, డోళ్లు మోగుతున్నాయి.

ముసలమ్మ వేషం వేసిన బర్నాలి ఏడుస్తూ బయటికొచ్చింది. భద్రేశ్వర్ తాడు లాగాడు. చీలలు టకటకా ఊడాయి. గోడ కదల్లేదు. మళ్లీ లాగాడు. ఏం లాభం? వంగి చూస్తే మేకులు. జొనాలి వైపు చూసిన చూపుకి పచ్చి కట్టె కూడా అంటుకునేది. ఆమె అప్పటికే బోర్లా పడి పాకుతూ స్తంభం దగ్గరికి చేరింది.

అవతల బర్నాలికి వెనక చప్పుడు వినపడలేదు. తిరిగి చూసింది. ఇల్లు నిలబడే ఉంది. ఇప్పుడేం చెయ్యాలి? వెనక్కి వెళ్లి ద్వారబంధాన్ని వాటేసుకుంది. నాటకంలో లేని మాటలు నోటికొచ్చాయి. "ఉండవే తల్లీ... ఇంకాస్సేపు ఉండవే..."

ఆ గుడారంలో సగం మంది పగ్లాదియా నది కోసుకుపోయే ఒడ్డునున్న ఊళ్లవాళ్లు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. "పట్టుకో! గట్టిగా పట్టుకో!" అని అరిచాడు. వెనక నుంచి ఆడవాళ్లు, "ఉంటుంది, ఉంటుంది!" అన్నారు.

ఒక మేకు వచ్చేసింది. రెండోదాన్ని సుత్తి కొక్కెంలో పట్టించిన జొనాలి ఆ అరుపులు విని ఆగిపోయింది. తను చేసిన గోడ! దాన్ని పడొద్దని ఊరంతా బతిమాలుతోంది! బర్నాలి చెయ్యి వదిలి పక్కకు జరిగింది. జొనాలి పళ్లు బిగించి లాగింది.

గోడ నీళ్లలోకి ఒరిగింది. తర్వాత ఎవరో బావురుమన్నారు, ఆ వెంటనే చప్పట్లు మిన్నుముట్టాయి.

తెర పడగానే జొనాలి సుత్తి తెచ్చి భద్రేశ్వర్ ముందు పెట్టింది.

"మేకు కొట్టొద్దన్నానా లేదా?"

"అన్నావు దాదా."

"మరెందుకు కొట్టావ్?"

"నిలబడాలనిపించింది."

భద్రేశ్వర్ నోట్లో వక్క అటు నుంచి ఇటు మారింది. ఈలోగా బర్నాలి రంగు కారిన మొహంతోనే పరుగెత్తుకొచ్చి జొనాలిని కావలించుకుంది. "రేపు కూడా అంతసేపు ఆపాలి. లేకపోతే నేను ఆడనంతే!"

"రెండొద్దు," అన్నాడు భద్రేశ్వర్ ఆఖరికి. "ఒకటి చాలు. మేకు తల పైకి వదిలి కొట్టు, లాగడానికి వీలుగా. లాగేది నువ్వే." సుత్తి ఆమె చేతిలో పెట్టాడు.

"మరి బ్లౌజులెవరు కుడతారు?" అన్నాడు ఖితేన్.

"నువ్వు కుట్టు!" అంది జొనాలి.

ఆ నాటకం ఏటేటా ఆడుతూనే ఉన్నారు, ఆ మేకును మాత్రం ఇన్నేళ్లలో ఇంకొకరిని లాగనివ్వలేదు. సుత్తి పట్టుకుని గోడ వెనక చెవి ఆనించి కూర్చుంటుంది. గుడారంలో ఎవరో ఒకరు "పట్టుకో!" అని అరిచేదాకా లాగదు. ఏ ఊరెళ్లినా, ఎవరో ఒకరు అరుస్తారు.