అమావాస్య దాటుతానా అని అడిగితే

గుడివాడలో మాకిచ్చిన శిక్షణ మూడు రోజులు. అందులో ఉపన్యాసాలు, సన్మానాలు నాలుగు గంటలు. భోజనాలు, టీలు ఐదు గంటలు. గ్రూపు ఫోటోకి నలభై నిమిషాలు. చావుకి దగ్గరపడ్డ మనిషి పక్కన ఎలా కూర్చోవాలో చెప్పింది మొత్తం మీద మూడున్నర గంటలు. ముప్ఫై రెండేళ్లు బందరులో ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. పక్కవాళ్లు నోట్సు రాసుకుంటుంటే నేను గడియారం చూసి ఇవి రాసుకున్నాను. 2002లో సంగతి.

శిక్షణ ఇచ్చినాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. రోగుల ఇళ్లలో మనం అనాల్సిన మాటలు ఇరవై ఒకటి అచ్చువేయించి తెచ్చాడు. 'మీ బాధ నాకు అర్థమైంది' అన్నది మొదటిది. నాలుగోదాని మీద గంటసేపు చెప్పాడు. ఎన్నాళ్లు బతుకుతానని రోగి అడిగితే జవాబు చెప్పకూడదట. 'మీకెందుకలా అనిపిస్తోంది?' అని తిరిగి అడగాలట.

నేను లేచి, "నిజంగా తెలుసుకోవాల్సిన అవసరం ఉండి అడిగితేనో?" అన్నాను.

"చాలా మంచి ప్రశ్న మేడమ్," అని పేజీ తిప్పాడు. మంచి ప్రశ్న అని మెచ్చుకుని ముందుకెళ్లిపోయే టీచర్లను చాలామందిని చూశాను. వాళ్లకి పాఠం రాదు.

మూడో రోజు సాయంత్రం ఇరవై ఆరు మందికీ సర్టిఫికెట్లు ఇచ్చారు, రెండో రోజంతా కునుకు తీసినావిడతో సహా.

పెద్దదాన్నని నన్ను పరిశీలకురాలిగా వేశారు. వాలంటీరు రోగితో మాట్లాడుతుంటే వెనక కూర్చుని కాగితం మీద టిక్కులు పెట్టాలి. నోరెత్తకూడదు. నాకు జతగా వచ్చినాయన రిటైరైన తహసీల్దారు. అర్జీలు పట్టుకొచ్చినవాళ్లతో మాట్లాడినట్టే రోగులతోనూ మాట్లాడేవాడు. తల ఊపడమే గాని ఏదీ తేల్చేవాడు కాదు.

మాకిచ్చిన ఇల్లు దివిసీమలో, నాగాయలంక అవతల, సముద్రం మీద బతికే పల్లెలో ఉంది. ఆవిడకి నలభై ఎనిమిదేళ్లు, గర్భసంచి కేన్సరు. బందరు డాక్టరు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశాడు. వారం దాటడం కష్టమని మా చేతికిచ్చిన కాగితంలో రాసి ఉంది. ఇంట్లోవాళ్లకు డాక్టరు చెప్పి ఉంటాడని మేము అనుకున్నాం. మేము చెబుతామని డాక్టరు అనుకున్నాడు. చివరికి ఎవరూ చెప్పలేదు.

మేము వెళ్లింది బహుళ షష్ఠి నాడు. ఆవిడ మంచం మీద నుంచి తల తిప్పి, "చదువుకున్నోరు, ఒక్కమాట చెప్పండయ్యా. నేను అమావాస్య దాటుతానా?" అంది.

"అమావాస్యంటే అంత భయమెందుకమ్మా? అలాంటి నమ్మకాలు పెట్టుకోకూడదు," అన్నాడు తహసీల్దారు.

"నమ్మకం కాదయ్యా, మా ఆయన..."

"మీకెందుకలా అనిపిస్తోంది?"

"అనిపించడమేంటి? అడుగుతుంటే," అని ఆవిడ నా వైపు తిరిగింది. "టీచరమ్మగారూ, మీరన్నా చెప్పండి."

షష్ఠి నుంచి అమావాస్యకు తొమ్మిది రోజులు. కాగితంలో ఉన్నది ఏడు. ఒకటో తరగతి తీసివేత. నేను నోరెత్తలేదు. 'సూటి జవాబు ఇవ్వలేదు' అన్న గడిలో టిక్కు పెట్టి, పదికి తొమ్మిది వేశాను.

బయటికొచ్చాక ఆవిడ తోడికోడలు మా వెంటపడింది. "ఏం చెప్పారండీ? రేపు బందరు రేవులో మా బావ బోటు కదులుద్ది. ఐసు వేసుకుని లోపలికెళ్తే అమావాస్యకి గాని ఒడ్డుకి రారు. దాటుద్దంటే ఎళ్తాడు, దాటదంటే ఆగిపోతాడు. అదే అడగమన్నాను."

"కుటుంబ నిర్ణయాల్లో మేం సలహాలు ఇవ్వకూడదమ్మా," అన్నాడు తహసీల్దారు. అది పన్నెండో మాట. అప్పుడైనా నేను వెనక్కి వెళ్లి ఉండొచ్చు. బస్సుకి పది నిమిషాలుంది. నేను బస్సెక్కాను. ఆయన్ని ఎన్ని అన్నా, లెక్క తెలిసీ చెప్పకుండా వెళ్లిపోయింది మాత్రం నేను.

ఏకాదశి నాడు ఆవిడ పోయింది. సముద్రంలో ఉన్న బోటుకి కబురు పంపే దారి లేదు. మరిది కొరివి పెట్టాడు.

పెద్దకర్మ అయ్యాక మేమిద్దరం మళ్లీ వెళ్లాం. శిక్షణలో దుఃఖంలో ఉన్నవాళ్లను పలకరించే భాగం కూడా ఉంది కదా. తహసీల్దారు అరుగు మీద కూర్చుని, మీ బాధ నాకు అర్థమైందన్నాడు.

సముద్రం నుంచి తిరిగొచ్చిన ఆవిడ భర్త ఆయన వైపు చూడలేదు. నన్నడిగాడు. "టీచరమ్మగారూ, ఆ రోజు మీకు తెలీదా, తెలిసే చెప్పలేదా?"

"తెలుసు. కాగితంలో రాసి ఉంది. చెప్పలేదు."

"ఎన్ని రోజులని రాశారు?"

"ఏడు."

అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ఐదే ఉంది. మీ కాగితం కూడా తప్పేనండి."

తహసీల్దారుకి ప్రాణం లేచివచ్చింది. "అదేనయ్యా నేననేదీ. ఎవరూ కచ్చితంగా చెప్పలేరు."

"చెప్పుంటే ఆ ఐదు రోజులూ ఇంట్లో ఉండేవోణ్ణి," అని అతను లేచి లోపలికి వెళ్లిపోయాడు.