ఇంటికో పార

రెమెడియోస్ టీచర్‌కు భయమంటే తెలియదని ఊళ్ళో అంటారు. అబద్ధం. తరగతిని తనిఖీ చేయడానికి బోర్డు మనిషి వచ్చిన రోజు ఆవిడ భయపడింది. పక్క గదిలో లెక్కలు చెప్పుకునే నన్ను తోడుగా వచ్చి కూర్చోమంది.

ఆవిడ ఏడో తరగతికి స్పానిష్ చెబుతుంది. పేరుకు స్పానిషే గానీ, పిల్లలు నేర్చేది నలుగురూ కలిసి ఊరిని ఎలా నడుపుకోవాలన్నది. మా న్యూ మెక్సికో లోయలో పొలాలకు నీళ్ళు పంచేది కాలువ సంఘం. అలాంటి సభనే పిల్లలు తరగతిలో స్పానిష్‌లో నడుపుతారు. "భాష చెప్పమంటే రాజకీయాలు నూరిపోస్తోంది" అని ఎవరో ఫిర్యాదు చేశారు. పాఠశాల బోర్డు సభ్యుడు బస్టోస్ చూడటానికి వచ్చాడు. ఆయన సరేనంటే తరగతి ఉంటుంది, లేదంటే ఆ ఏడాదితో సరి.

అధ్యక్షురాలి కుర్చీలో ఒఫీలియా. మెతక పిల్ల, గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. కరువు ఏడాది, ఉన్న కాసిని నీళ్ళు ముందు ఎవరికన్నది తేల్చాలి.

"మా మిరప ఎండిపోతోంది!" అన్నాడొకడు.

"నిరుడు మా వంతులో తూము ఎత్తింది మీ తాతే కదరా, దొంగమొహమా!" అని ఇంకొకతి లేచింది.

ఆ గొడవ నిజమైనదే. ఆ రెండిళ్ళకూ మాటల్లేవు. బస్టోస్ మొహం చిట్లించాడు. టీచర్ కదల్లేదు. ఒఫీలియానే బల్ల చరిచి ఇద్దరినీ కూర్చోబెట్టింది.

అంతలో బస్టోస్ లేచి, "నేనొక మాట చెప్పొచ్చా? నాకూ ఈ కాలువ కింద పొలముంది" అన్నాడు నవ్వుతూ.

ఒఫీలియా నవ్వలేదు. "ఈ వసంతంలో పూడిక తీయడానికి మీ ఇంటి నుంచి పార వచ్చిందా అండీ?"

పూడికతీతకు ఇంటికో మనిషి పారతో రావాలి. రాని ఇంటికి ఆ ఏడాది సభలో మాట్లాడే హక్కు లేదు. పట్నం చేరాక బస్టోస్ మనిషిని పంపిన పాపాన పోలేదని అందరికీ తెలుసు.

"లేదు," అన్నాడాయన.

"అయితే కూర్చోండి."

ఆయన టీచర్ వైపు తిరిగాడు. చిన్నపిల్ల, ఏమనుకోకండి అని ఆవిడ అంటే చాలు, తరగతి నిలబడేది. అనమని మనసులోనే బతిమాలాను. రెమెడియోస్ లేచి చెయ్యెత్తి, ఒఫీలియా తలూపేదాకా ఆగింది.

"అధ్యక్షురాలి మాటే మాట," అని కూర్చుంది.

బస్టోస్ బయటికి వెళ్ళిపోయాడు. జూన్‌లో తరగతి తీసేశారు. ఆవిడను గ్రంథాలయంలో పడేశారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మరుసటి వసంతం పూడికతీతకు బస్టోస్ కొత్త బూట్లేసుకుని, పార భుజాన పెట్టుకుని వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. రెమెడియోస్ జరిగి పక్కన చోటిచ్చింది. రొట్టెలు తినడానికి ఆగినప్పుడు ఆయన, "ఆ తరగతి సంగతి మళ్ళీ ఎత్తుదామనుకుంటున్నానండీ," అన్నాడు.

"నాతో చెబుతారేం? అధ్యక్షురాలు అదిగో."

ఆయన టోపీ తీసి, కాలువలో నిలబడ్డ ఒఫీలియా ముందుకెళ్ళి చెయ్యెత్తాడు. ఆ పిల్ల బురద చేతులు ప్యాంటుకు తుడుచుకుంది.

"ఇప్పుడు చెప్పండి," అంది.