ఉత్తర ధ్రువపు మంచు దోహాలో కరిగిన రోజు

మొన్న శుక్రవారం మా ఆయనతో కలిసి చేపల కోసం ఖతార్ ఉత్తరపు కొసనున్న అల్ రువైస్ దాకా వెళ్ళాను. రేవులో ఒకతను చేపల మీద మంచుగడ్డలు పారతో ఎత్తి పోస్తుంటే ఆ నీళ్ళు చల్లగా నా కాళ్ళ కిందికి పారాయి. అంతే, ఉద్యోగపు తొలినాళ్ళు గుర్తుకొచ్చి, బేరం మా ఆయనకే వదిలేసి గోడ వారన నిలబడిపోయాను.

అప్పట్లో నేను దోహాలోని ఒక సముద్ర పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. దుబాయ్‌లో మంచు పని చేస్తోందని గల్ఫ్ అంతటినీ దుబాయే అనే మా మేనత్త ఊరంతా చెబితే, విన్నవాళ్ళు ఐస్‌క్రీం కంపెనీ అనుకున్నారట! నిజానికి ఎడారి తీరపు ఉప్పుమడుగుల్లో బతికే, కంటికి ఆనని నాచును పెంచడం మా పని. ధ్రువ సముద్రపు మంచులోనూ సన్నని ఉప్పునీటి దారులుంటాయి, వాటిలోనూ అలాంటి నాచే బతుకుతుంది, అక్కడి చేపలూ సీళ్ళూ చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. వేడెక్కే కొద్దీ వాటి గతేమిటో తెలుసుకోవడానికి మంచును చదివేవాళ్ళూ, నీటిని చదివేవాళ్ళూ, పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళూ ఒకే ఓడలో వెళ్ళి, నాచు సంగతి చూడమని, సముద్రపు మంచులోంచి గుండ్రంగా తొలిచి తీసిన ఒక మంచు దుంగను మాకు పంపారు. దానితోపాటు ఒక పెద్దాయన వచ్చాడు. మంచు ఎప్పుడెలా గడ్డకట్టిందో చెప్పే లోపలి పొరలు చదవడంలోనే జీవితం గడిపిన మనిషి.

ఆ మండువేసవి మధ్యాహ్నం మా శీతల గది యంత్రం ఆగిపోయింది. కడప నుంచి వచ్చిన మా డ్రైవర్ పరుగున వెళ్ళి చేపల మంచు తెచ్చాడు గాని, ఆ చలి దీనికి చాలలేదు, పెట్టె అడుగున ఉప్పునీరు ఊరసాగింది. దుంగను వెంటనే వడకట్టిన సముద్రపు నీటిలో వేసి కరిగిస్తే నాచు బతుకుతుంది, కాని పొరలు పోతాయి. అలాగే ఉంచి కోసుకుంటే ఆయనకు కొన్ని పొరలైనా దక్కుతాయి, ఈలోగా నాచు చస్తుంది. వడకట్టిన నీళ్ళ తొట్టి తెచ్చి పెట్టె పక్కన పెట్టాను.

ఆయన ఆ దుంగ మీద చెయ్యి వేశాడు.

“నీళ్ళలో వేస్తే బతుకుతాయా?” అని అడిగాడు.

“కొన్ని బతుకుతాయి సర్.”

“అయితే వెయ్యమ్మా. నేను మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చుకుంటాను.”

మర్నాడు మైక్రోస్కోపు కింద బంగారు రంగు నాచు చుక్కలు మెల్లగా కదిలాయి. పెద్దాయన చాలాసేపు చూసి, డ్రైవర్‌ను కూడా పిలిచి చూపించాడు. ఇంత సన్నదాని కోసమా మేడమ్ ఇన్ని అగచాట్లు అని అతను నవ్వాడు.

కొన్నేళ్ళకు పెద్దాయన అదే నెలలో, అదే చోటికి వెళ్ళాడు. అక్కడ మంచు లేదనీ, ఓడ ఆగకుండా నీళ్ళ మీదుగా సాగిపోయిందనీ నాకు రెండు వాక్యాలు రాశాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

పోయినదాన్ని మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవచ్చని మా తరం నిజంగానే నమ్మింది. ఆ నాచు సంతతి ఇప్పటికీ ల్యాబ్‌లో చల్లని సీసాల్లో పెరుగుతోందని, నా తర్వాత ఆ పని చూసుకుంటున్న అమ్మాయి చెబుతూ ఉంటుంది. వాటిని తిరిగి వదిలిపెడదామంటే మాత్రం, అవి పుట్టిన చోటు ఇప్పుడు లేదు.